గోడమీద మానవాళి

బాబా నోట మానవాళి అన్న మాట రాదు. ఆ రోజుల్లో నా బాధ అదొక్కటే.

అప్పటికి మూడేళ్లుగా ఆయన దగ్గరే ఉంటున్నాను. వచ్చినవాడికల్లా అన్నం పెడతాడు. జబ్బుపడినవాడి పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతాడు. కానీ ఆ ఒక్క మాట మాత్రం అనడు. లోకమంతా కంచెలు కట్టుకుని కొట్టుకు చస్తోంది. ఈయన మాటంటే నాలుగూళ్లు వింటాయి. అయినా ఒక పెద్ద మాట అనడేం? నాకు ఒళ్లు మండేది.

ఆయన అసలు పేరు నబీసాబు. ఇత్తడి గిన్నెలకు లోపల తగరం పూసి కళాయి వేయడం ఆయన వృత్తి. అందుకని జనం కళాయి బాబా అంటారు. రాయచోటి దారిలో, ఘాటు దిగినచోట, ఆయన గురువుగారి సమాధి ఉంది. పక్కన రెండు గదులు, ఒక వంటపాక. లారీలవాళ్లు ఆగుతారు, బికారులు ఆగుతారు. నాలాంటివాళ్లూ ఆగుతారు.

నేను యూనివర్సిటీ చదువు సగంలో వదిలేసి వెళ్లాను. సంచిలో బట్టలకన్నా పుస్తకాలు ఎక్కువ. పేరు ఒక కంచె, ఇంటిపేరు ఒక గోడ అని ఎక్కడో చదివి, రెండూ వదిలేశాను.

మొదటిరోజు బాబా కొలిమి ముందు కూర్చుని ఉన్నాడు.

"పేరేంది నాయనా?" అన్నాడు.

"మనిషి."

"మంచిది. మీ అమ్మ పేరు?"

"ఆమె కూడా మనిషే."

వంట చేసే హుస్సేన్‌బీ పక్కున నవ్వింది. "వాళ్ల నాయన పేరు అడగొద్దు బాబా. ఆయప్పా మనిషేనంటాడు."

బాబా నవ్వలేదు. "అన్నం తిన్నావా?" అన్నాడు.

ఆ రోజు నుంచి హుస్సేన్‌బీకి నేను మనిషినే. "ఓ మనిషీ, రెండు బిందెలు నీళ్లు తే!" "ఓ మనిషీ, పొయ్యిలోకి పుల్లలు లేవు, ఆ పుస్తకాలియ్యి!" ఆమె వెక్కిరింపు నాకు పతకంలా ఉండేది.

బాబాకు ఒక అలవాటు. ఎవరొచ్చినా పేరు అడుగుతాడు. తర్వాత అమ్మ పేరు అడుగుతాడు. లారీ క్లీనరైనా సరే, అడుక్కునే ముసలమ్మయినా సరే. విన్న పేరు మరిచిపోడు. రెండేళ్ల తర్వాత వచ్చినవాణ్ని కూడా గడపలోనే గుర్తుపట్టి, "రా మాబాషా, మీ అమ్మ రహమత్‌బీకి కాళ్లనొప్పులు తగ్గినాయా?" అంటాడు. వాడు అక్కడే కరిగిపోతాడు.

నాకది నచ్చేది కాదు. ఒకరోజు నిలదీశాను.

"పేరు అడగడమంటే కులం అడగడమే బాబా. మన దేశంలో పేరు చెప్తే చాలు, ఎక్కడ కూర్చోబెట్టాలో తేలిపోతుంది."

"అందుకే గదా అమ్మ పేరు అడిగేది."

"అమ్మ పేరులో మాత్రం ఉండదా? అమ్మా, అక్కా, బీ, బేగమూ! అందులోనూ అన్నీ ఉన్నాయి."

ఆయన కాసేపు ఆలోచించాడు. "నిజమే," అన్నాడు.

నేను గెలిచాననుకున్నాను. ఈలోగా గేటు దగ్గర ఒక గొర్రెలకాపరి నీళ్లు అడిగాడు. బాబా చెంబు అందిస్తూ, "పేరేంది నాయనా?" అన్నాడు.

ఆ కోపంతోనే మర్నాడు గేటు పక్క గోడకు సున్నం కొట్టి, ఎర్రమట్టి కలిపి, మూరెడు మూరెడు అక్షరాలతో రాశాను: మానవాళి ఒక్కటే కుటుంబం. రోడ్డున పోయే బస్సులో కూర్చున్నవాడు కూడా చదవగలడు.

బాబా బయటికొచ్చి చూశాడు. కళ్లజోడు సవరించుకుని, వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరమే చదివాడు.

"గుండ్రంగా కుదిరినాయి నాయనా," అన్నాడు. అంతే. చేతిలో ఉన్న గంగాళాన్ని తిప్పి, దాని అంచుమీది చుక్కల అక్షరాలు చూశాడు. "ఇది చెన్నూరు ఓబుళమ్మది. నిన్ననే ఇయ్యాల్సింది. బండిలో పెట్టు."

పొలం అమ్మినా అమ్ముతారు గాని, మా వైపు ఆడవాళ్లు పేరు చెక్కించిన గిన్నె అమ్మరు. బాబా ఏ గిన్నె తీసుకున్నా ముందు పేరు చదువుతాడు. తర్వాతే నిప్పులమీద పెడతాడు. మానవాళి కన్నా గంగాళం ఎక్కువైంది ఈయనకని ఆ పూట నేను అన్నం తినలేదు.

ఆ ఏడు శ్రావణంలో, ముసురు పట్టిన ఒక సాయంత్రం, ఒక లారీ ఆగింది. డ్రైవరూ క్లీనరూ ఒక ముసలాయన్ని దించి గోడవారన కూర్చోబెట్టారు. ఘాటు పైన రోడ్డుపక్క పడి ఉన్నాడట. ఎవరో ఏమిటో వాళ్లకూ తెలియదు. ఒంటిమీద ఒక లుంగీ, చంకలో ఒక మూట. మూటలో చిరిగిన దుప్పటి, చిలుము పట్టి పచ్చగా అయిపోయిన ఒక ఇత్తడి చెంబు. ఒళ్లు కాలిపోతోంది. దగ్గు వచ్చినప్పుడల్లా "యా అల్లా" అంటున్నాడు. అంతకుమించి మాట లేదు.

పీహెచ్‌సీ డాక్టరు వచ్చి చూశాడు. ఛాతీ మొత్తం పాడైందనీ, కడప దాకా తీసుకెళ్లినా దారిలోనే పోతాడనీ, ఇక్కడే చల్లగా చూసుకోమనీ చెప్పి మందులిచ్చాడు.

మర్నాడు బాబా కళాయికి బయలుదేరాలి. ఏడాదికొకసారి చుట్టుపక్కల ఊళ్లు తిరిగే కాలం అది. మూడువారాలు పడుతుంది. ఆ తగరం పనిమీదే మా వంటపాక ఏడాదంతా పొగ చూసేది. ఆయన గాలి ఊదే తిత్తి, తగరం కరిగించే మూస, నవసాగరం పొడి సంచి బండికెక్కించి, ముసలాయన మంచం దగ్గరికొచ్చి నుదురు తాకి చూశాడు.

"నువ్వు చూసుకుంటావా నాయనా?"

"ప్రాణం పెట్టి చూసుకుంటాను."

"తెలివొచ్చినప్పుడు పేరు అడుగు. అమ్మ పేరూ అడుగు."

నేను తలూపాను. అడగకూడదని అప్పుడే తీర్మానించుకున్నాను.

నిజంగానే ప్రాణం పెట్టి చూశాను. ఆ మాట ఇప్పటికీ అనగలను. దాంట్లో నాకేమీ ఓదార్పు లేదు. రాగి గంజి కాచి చెంచాతో పట్టాను. గుడ్డలు మార్చాను, ఉతికాను. మలమూత్రాలు ఎత్తాను. వీపు పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాను. పీడితుడి పాదాలు కడగడమే అసలైన ప్రార్థన అని నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఆ వాక్యం కింద రెండు గీతలు కూడా గీశాను.

పొద్దున వండేసి వెళ్తూ హుస్సేన్‌బీ తలుపు దగ్గర నిలబడి అడిగేది. "పేరు చెప్పినాడా?"

"లేదు."

"నువ్వు అడిగినావా?"

"పేరుతో పనేముంది హుస్సేన్‌బీ? గంజి తాగడానికి పేరు కావాలా?"

"గంజికి వద్దులే. పిలిచేదానికి వద్దా? మా ఇంట్లో పిల్లికి కూడా పేరుంది," అని గొణుక్కుంటూ పోయేది. ఆమె ఉండేది పొద్దున పూటే. ఆయనకు తెలివొచ్చేది సాయంత్రాలు. ఆ సాయంత్రాలన్నీ నావే.

పదమూడోరోజు సాయంత్రం ఆయన కళ్లు తేటగా ఉన్నాయి. నన్ను చాలాసేపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"నాయనా, నీ పేరేంది?"

"మనిషిని తాతా."

ఆయనకు అర్థం కాలేదు. తన ఛాతీమీద చెయ్యి వేసుకున్నాడు.

"నా పేరు..."

నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. పట్టుకుని ఆపాను.

"వద్దు తాతా. ఇక్కడ పేర్లతో పనిలేదు. నువ్వెవరైనా మాకొకటే. నువ్వు మానవాళి బిడ్డవి."

"ఎవురి బిడ్డని?"

"మానవాళి బిడ్డవి."

ఆయన నుదురు ముడిపడింది. గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించినట్టున్నాడు. చివరికి మెల్లగా, తప్పు చేసినవాడిలా అడిగాడు.

"ఆయమ్మ ఎవురు నాయనా? మా అమ్మ గాదే!"

నాకు నవ్వొచ్చింది. ఆ అమాయకత్వం మీద ప్రేమ పొంగింది. అప్పుడు చెప్పాను. అరగంటసేపు చెప్పాను. నదులకు సరిహద్దులు తెలియవని, గాలికి కులం లేదని, పుట్టినప్పుడు ఎవడూ పేరుతో పుట్టడని. నేను చదివిన పుస్తకాలన్నీ ఆ మంచంమీద గుమ్మరించాను. ఆయన మధ్యలో రెండుసార్లు నోరు తెరిచాడు. నేను ఆగలేదు.

ముగించేసరికి ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మూలన పడున్న తన మూటవైపు వేలు చూపించాడు. చలేస్తోందనుకుని దుప్పటి తీసి కప్పాను. వేలు ఇంకా అటే చూపిస్తోంది. "విశ్రాంతి తీసుకో తాతా," అన్నాను.

ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు. కోపం వచ్చో, మాట పడిపోయో నాకు తెలియదు. పంతొమ్మిదోరోజు పొద్దున నేను గంజి చల్లారబెడుతుండగా పోయాడు.

బాబా ఆ మధ్యాహ్నమే వచ్చాడు. బండి దిగీదిగకముందే హుస్సేన్‌బీ చెప్పినట్టుంది. కాళ్లు కడుక్కుని లోపలికొచ్చి, శవం పక్కన కూర్చుని, గడ్డం సర్ది, నా వైపు చూశాడు.

"పేరేంది నాయనా?"

నేను నేల చూశాను.

"అమ్మ పేరు?"

బయట వాన చినుకులు పందిరి రేకుమీద పడుతున్నాయి. హుస్సేన్‌బీ నోరు తెరిచి, బాబా ముఖం చూసి, మూసుకుంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

స్టేషన్‌కు వెళ్లి చెప్పాం. కానిస్టేబుల్ వచ్చి ఫొటో తీసుకున్నాడు. కాగితం తీసి అతనూ అడిగాడు. "పేరు? తండ్రి పేరు? ఊరు?" నేను తల అడ్డంగా ఊపితే, "పంతొమ్మిది రోజులు మీ దగ్గరే ఉన్నాడంటున్నారు గదయ్యా! ఒకసారన్నా అడగలేదా?" అన్నాడు. అతను వెటకారంగా అనలేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. తర్వాత తెలియదు, తెలియదు, తెలియదు అని మూడుచోట్ల రాసుకున్నాడు.

నా దగ్గర కూడా ఒక కాగితం ఉంది. పీడితుడి పాదాలు కడగడమే అసలైన ప్రార్థన. రెండు గీతలు.

సమాధి వెనక మిట్టమీద గుంత తీశారు. నమాజు అయింది. అందరూ మూడేసి పిడికిళ్లు మట్టి వేశారు. నేనూ వేశాను. మట్టి పూడ్చి, నీళ్లు చల్లి, జనం వెనక్కి మళ్లారు.

అక్కడొక ఆచారం ఉంది. అందరూ కొంతదూరం వెళ్లాక ఒకరు తలవైపు కూర్చుని, పోయినవాణ్ని పేరు పెట్టి, తల్లి పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. మట్టిలో ఒంటరిగా ఉన్నవాడు బెదిరిపోకుండా, నీ దేవుడెవరని తనను అడగడానికి దేవదూతలు వచ్చినప్పుడు ఏం చెప్పాలో గుర్తు చేస్తారు. బాబా ఎన్నోసార్లు పిలవడం నేను దూరం నుంచి విన్నాను. ఫలానా బీ కొడుకా, ఫలానా, అని. తలుపు తట్టి లేపినట్టు ఉంటుంది ఆ గొంతు.

ఆ రోజు బాబా తలవైపు కూర్చోలేదు. నన్ను పిలిచాడు.

"నువ్వు కూర్చో."

"నేనా?"

గుంత తవ్వినవాళ్లలో ఒకతను, "బాబా, ఈయన మనోడు గాదు గదా!" అన్నాడు.

"చివరి గంజి తాపినోడు ఈయనే," అన్నాడు బాబా. నా వైపు తిరిగి, "నీ గొంతయితే గుర్తుపడతాడు. పిలుపు నీది. మిగతాది నేను చెప్తా," అన్నాడు.

తడిమట్టిమీద మోకాళ్లు ఆనించి కూర్చున్నాను.

"ఏమని పిలవను బాబా?"

"నీకు తెలిసిన పేరుతో."

నోరు తెరిచాను. నాకు తెలిసింది ఒక్క మాటే. మూరెడు మూరెడు అక్షరాలతో గోడమీద ఉంది. మూడేళ్లుగా రోజుకు ఇరవైసార్లు అన్నాను. ఆ మట్టిదగ్గర అది నాలుక మీదికి రాలేదు. వచ్చి అన్నా ఎవరు పలుకుతారు? ఆ మిట్టమీద ఉన్న సమాధులన్నీ పలకాలి. లేకపోతే ఒక్కటీ పలకకూడదు.

"తాతా..." అన్నాను.

బాబా నా పక్కన చతికిలబడ్డాడు. వాన ఎక్కువైంది. తర్వాత నా చెవిదగ్గర, మెల్లగా చెప్పాడు.

"తల్లి పేరు తెలియనోళ్లని మన పెద్దోళ్లు హవ్వా పేరు పెట్టి పిలవమన్నారు. మొదటి తల్లి. అందరికీ తల్లి. అట్లా పిలువు."

ఆయమ్మ ఎవురు నాయనా? మా అమ్మ గాదే!

పిలిచాను. హవ్వా కొడుకా అని మొదటిసారి. హవ్వా కొడుకా అని రెండోసారి. మూడోసారి నా నోట గాలి మాత్రమే వచ్చింది. బాబా ఆ పిలుపును తన గొంతులోకి తీసుకుని, మిగతా మాటలు చెప్పాడు.

తిరిగొస్తుంటే దారిలో, ఎవరూ అడగకుండానే అన్నాను.

"మా అమ్మ పేరు సుంకులమ్మ."

"మంచి పేరు. ఉందా?"

"ఉంది."

"చూసి ఎన్నాళ్లయింది?"

నేను నెలలు వేళ్లమీద లెక్కపెట్టుకుంటూ నడిచాను.

మర్నాడు పొద్దున ఒక బకెట్టు నీళ్లు, ఒక గోనెపట్టా తీసుకుని గేటు దగ్గరికి వెళ్లాను. గోడ తుడిచేద్దామని. బాబా అప్పటికే కొలిమి రాజేసుకుని కూర్చున్నాడు. చేతిలో ముసలాయన చెంబు. బూడిద, చింతపండు వేసి తోముతున్నాడు. పంతొమ్మిది రోజులు నేను ముట్టని చెంబు అది. చిలుము పట్టిందని స్టీలు గ్లాసులో గంజి పట్టాను.

తోముతూ తోముతూ ఆగాడు. మెడ దగ్గర బొటనవేలితో రుద్దాడు. కళ్లజోడు పైకి నెట్టుకుని, చెంబు నా వైపు చాచాడు.

చుక్కలు చుక్కలుగా అక్షరాలు. జైతూన్‌బీ.

తల్లో, భార్యో, కూతురో. పెళ్లికి పెట్టిన చెంబో, సంతలో పాతది కొన్నాడో. ఆ పదమూడోరోజు సాయంత్రం, కళ్లు తేటగా ఉన్నప్పుడు, ఆ వేలు చూపించినవైపు చూసి, జైతూన్‌బీ ఎవరు తాతా అని ఒక్కమాట అడిగి ఉంటే చాలు. అరగంట అక్కర్లేదు. అరనిమిషం చాలు. ఎక్కడో ఒక ఊళ్లో ఒక మనిషి ఇంకా వాకిట్లోకి వచ్చి రోడ్డు చూస్తూ ఉండవచ్చు. వినాల్సిన కబురు నేను మట్టిలో పెట్టి వచ్చాను.

బాబా చెంబును నిప్పులమీద తిప్పాడు. నవసాగరం చల్లాడు. తెల్లటి పొగ లేచింది. తగరం తాకించి దూదితో ఒక్కసారి తుడిచేసరికి లోపలంతా వెన్నెలలా అయింది. నీళ్లలో ముంచి తీసి, తువ్వాలుతో తుడిచి నా చేతికిచ్చాడు. ఇంకా వెచ్చగా ఉంది.

నా రెండోచేతిలో గోనెపట్టా ఉంది. నేను చల్లిన నీళ్లకు గోడ తడిసి, మొదటి అక్షరం కారడం మొదలైంది.

"తుడవొద్దు," అన్నాడు. "అదీ పనికొచ్చే మాటే. నిన్న హవ్వా పేరుతో అదే గదా పనికొచ్చింది!"

నేను ఆగిపోయాను.

"మేకు కొట్టి ఆ మాట కింద ఈ చెంబు తగిలించు. పేరు రోడ్డువైపు ఉండనీ."

తగిలించాను.

ఇప్పటికి పద్నాలుగు నెలలు. వానలకు గోడమీది ఎర్రమట్టి చాలావరకు పోయింది. లారీలవాళ్లు ఆ మాట చదవరు. చెంబు చూసి ఆగుతారు. దగ్గరికొచ్చి, మెడమీది చుక్కలు వేలితో తడిమి, అడుగుతారు.

"జైతూన్‌బీ ఎవురు సామీ?"

తెలియదంటాను. తర్వాత వాళ్ల పేరు అడుగుతాను.